అండమాన్‌లో మన సిక్కోలు: ఎక్కడ దిగకూడదు, ఎవరితో తిరగాలి

అండమాన్ వెళ్లాలనుకునే శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి ముందుగా ఒక్క మాట. ప్యాకేజీ తీసుకోకండి. ఆ దీవుల్లో 160 ఏళ్లకు పైగా జరిగిన చరిత్రని వాళ్లు గంటన్నరలో చుట్టేసి మిగతా పొద్దంతా బీచ్‌లో స్కూటర్ రైడ్లు అమ్ముతారు. మాకు అదే జరిగింది. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల రేవులో మన ఊరివాళ్లు దొరక్కపోయి ఉంటే నలుగురం కలిసి లక్షకు దగ్గరగా ఖర్చు పెట్టి నాలుగు సెల్ఫీలు తీసుకుని వచ్చేవాళ్లం.

వెళ్లింది నేను, మా ఆయన, ఎనిమిదో తరగతి చదివే మా వాడు, మా అత్తమ్మ. అత్తమ్మది కవిటి దగ్గర పల్లె. ఉద్దానంలో ఇంటికొకరు ఎక్కడికో వలస వెళ్లినవాళ్లే కాబట్టి దూరాలంటే ఆవిడకి భయం లేదు. మోకాళ్ల నొప్పి మాత్రం ఉంది. అందుకే గది కింది అంతస్తులో కావాలని బుక్ చేసేటప్పుడే రాశాం. ఫోన్ చేసి కూడా చెప్పాం.

విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ఓడ ఉంది, కానీ అది రోజూ ఉండదు, రెండు రోజులు దాటి సముద్రం మీదే ఉండాలి. మేం చెన్నై మీదుగా విమానంలో వెళ్లాం. రానూపోనూ మనిషికి 14,860 పడింది. ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు. ఆటోవాళ్లూ కొట్లవాళ్లూ ఇప్పటికీ పోర్ట్‌బ్లెయిర్ అనే అంటున్నారు, నేనూ అలాగే రాస్తాను.

ఇక లాడ్జి. పేరు రాయను. అబర్డీన్ బజార్ గడియార స్తంభం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫొటోలో కిటికీ నిండా సముద్రం. రాత్రికి 2,800 చొప్పున రెండు రాత్రులకి 5,600 ముందే కట్టించుకున్నారు. మేం దిగేసరికి పదిన్నర. రిసెప్షన్‌లో ఉన్న మనిషి తల ఎత్తకుండానే చెకిన్ పన్నెండింటికి అన్నాడు, ఇప్పుడే కావాలంటే 500 ఎక్కువ ఇవ్వాలన్నాడు. అత్తమ్మ సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆవిడని చూసి 500 ఇచ్చాం. తాళం చేతిలో పెట్టి నాలుగో అంతస్తు అన్నాడు. లిఫ్ట్ ఉందా అని అడిగితే రిపేరు. కింది గది అడిగాం కదా అంటే "అది రిక్వెస్టే మేడం, గ్యారంటీ కాదు" అన్నాడు.

అత్తమ్మ ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని ఎక్కింది. నాలుగో అంతస్తుకి చేరేసరికి ఆవిడ పెదాలు ఎండిపోయాయి. గది తలుపు తీస్తే కిటికీకి ఎదురుగా పక్క బిల్డింగ్ గోడ, ఆ గోడకి పాచి, మధ్యలో ఏసీ నీళ్లు కారే గొట్టం. సముద్రం ఏ మూలా లేదు. బాత్‌రూంలో ఒక బకెట్ ఉంది, అందులో సగానికి నీళ్లు, అడుగున ఎర్రటి మడ్డి. కుళాయి తిప్పితే గాలి వచ్చింది. ఫోన్ చేస్తే ఊళ్లో నీటి ఎద్దడి అన్నారు. అది అబద్ధం కాదు, ఎండాకాలంలో అక్కడ మునిసిపాలిటీ నీళ్లు రోజూ రావట. కానీ ట్యాంకర్ నీళ్లు కావాలంటే గదికి రోజుకి 200, జనరేటర్‌కి 300, ఏసీ రిమోట్‌కి మళ్లీ డిపాజిట్ అనడం ఏం న్యాయం? ఇవేవీ బుకింగ్‌లో లేవు. మా ఆయన మామూలుగా గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు కిందకి దిగి బిల్లు రాసివ్వమని నిలదీశాడు. బిల్లు పుస్తకం లేదన్నారు. రెండో రాత్రి డబ్బులు వెనక్కి ఇవ్వమంటే ఆన్‌లైన్ వాళ్లని అడుక్కోమన్నారు. ఆ రాత్రి అత్తమ్మ భోజనానికి కిందకి దిగనే లేదు. బిస్కెట్లు తిని పడుకుంది.

మర్నాడు ప్యాకేజీ కారు వచ్చింది. రోజుకి 3,500. డ్రైవర్ మర్యాదస్తుడే, కానీ ఆయనకి వచ్చిన చరిత్ర అంతా పాత ఇరవై రూపాయల నోటు మీది కొబ్బరిచెట్ల బొమ్మ ఇక్కడిదే అన్న ఒక్క ముక్క. దాన్ని మూడు చోట్ల చెప్పాడు. రాస్ దీవి పడవ దగ్గర గంటన్నరలో తిరిగి రావాలన్నారు. ఆ దీవికి ఇప్పుడు నేతాజీ పేరు పెట్టారు. 1857 తిరుగుబాటు తరువాత, 1858 మార్చి 10న 200 మంది ఖైదీలని ఓడలో తెచ్చి ఈ దీవుల్లో శిక్షల కాలనీ మొదలుపెట్టారు. మొదట చాతాంలో, అక్కడ మంచినీళ్లు చాలక రాస్‌లో. ఆ ఖైదీల చేతే అడవి కొట్టించి, చర్చీ, బేకరీ, డాన్సు హాలూ, ఈత కొలనూ కట్టించుకుని దొరలు 80 ఏళ్లు దాటి అక్కడే ఉన్నారు. 1941 జూన్ 26 భూకంపం దాన్ని బీటలు వార్చింది, మరుసటి ఏడు జపాన్ సైన్యం వచ్చింది. ఇప్పుడు చర్చి గోడలని మర్రి వేళ్లు చుట్టుకుని ఉన్నాయి, ఇటుక ఏదో వేరు ఏదో తెలియదు. అక్కడ మా వాడు ఒక్కడే పావుగంట నిలబడిపోయాడు. నేను వాడిని లాక్కురావలసి వచ్చింది, పడవవాడు ఈల వేస్తున్నాడు.

సెల్యులార్ జైలు మాత్రం తీరిగ్గా చూడండి. టికెట్ మాకు మనిషికి 30 పడింది. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షోకి 300. పగలు చూస్తే చాలు, షో మానేసినా పర్వాలేదు. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తి చేసిన జైలు, ఏడు రెక్కలు, 693 గదులు. ఒక్కో గదికి ఒక్కడే మనిషి. ఇప్పుడు మూడు రెక్కలే మిగిలాయి. గదుల తలుపు గడియ చూడండి. తలుపు దగ్గర ఉండదు. పొడుగాటి ఇనప కడ్డీ పక్క గోడలో తొలిచిన గూట్లోకి వెళ్లి అక్కడ తాళం పడుతుంది, లోపలివాడు ఊచల్లోంచి చెయ్యి ఎంత చాచినా అందదు. మా వాడు లోపలికి వెళ్లి చెయ్యి చాచి చూశాడు. భుజం దాకా పెట్టినా జానెడు తక్కువే. గానుగ కూడా పెట్టారు. మనిషిని ఎద్దులా కట్టి రోజుకి 30 పౌండ్ల కొబ్బరినూనె తీయించేవారు, తక్కువైతే కొరడా దెబ్బలు.

నాకు కోపం వచ్చింది గైడు మీద. గంటసేపు బెంగాల్, పంజాబ్ పేర్లు చెప్పాడు. అవి చెప్పాల్సిందే, ఎక్కువమంది అక్కడివాళ్లే. కానీ తెలుగువాళ్ల గుంపుకి తెలుగువాడి పేరు ఒక్కటైనా చెప్పాలి కదా. అల్లూరి సీతారామరాజుతో కలిసి పోరాడిన గాం మల్లుదొరని ఈ దీవులకే పంపారు. ఆయన బతికి వచ్చి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఈ సంగతి మా ఆయన చెబితే గైడు "అచ్ఛా?" అని ముందుకి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే అదృష్టం కలిసొచ్చింది. జంగ్లీఘాట్ చేపల రేవు చూద్దామని ఆటోలో వెళ్లాం, 80 తీసుకున్నాడు. అత్తమ్మ ఒక బుట్ట దగ్గర ఆగి సూర చేప ధర అడిగింది. ఆ అమ్మే ఆవిడ తల ఎత్తి చూసి, "ఏ ఊరేటి అప్పా మీది?" అంది.

అంతే. అత్తమ్మ మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో తెలియదు. ఊరు, వీధి, ఇంటిపేరు, ఎవరి కోడలు ఎవరికి ఇచ్చారు అన్నీ అక్కడే నిలబడి తేల్చుకున్నారు. ఆవిడ పెనిమిటి అత్తమ్మకి వరసకి చిన్నాన్న కొడుకు అని తేలింది. "లాడ్జి ఏటి, మేం లేమా?" అని ఆవిడ మమ్మల్ని తిట్టినంత పని చేసింది. వాళ్ల డాబా మీద రెండు గదులు అద్దెకిస్తారు. మా దగ్గర డబ్బు వద్దంటే వద్దన్నారు. మేం ఒప్పుకోలేదు. చివరికి రోజుకి 1,200, రెండు పూటలా భోజనంతో కలిపి. మెట్లు పదిహేను, పక్కన పట్టుకోవడానికి కమ్మీ. ట్యాంకులో నీళ్లు వాళ్లు ఎంత పొదుపుగా వాడుకున్నా మాకు లోటు రానివ్వలేదు. రెండో రాత్రికి కట్టిన డబ్బు వదులుకుని సామాను తెచ్చేసుకున్నాం.

భోజనం సంగతి చెప్పకుండా ఉండలేను. పొద్దున్నే చోడి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. మధ్యాహ్నం కోనాం చేప పులుసు, చింతపండు బాగా తగిలించి, మన ఊళ్లో ఎలా చేస్తారో అచ్చం అలాగే. రాత్రి వంకాయలో ఎండు నెత్తళ్లు. ఊరుకి వెయ్యి కిలోమీటర్ల పైన సముద్రం అవతల కూర్చుని మా అమ్మమ్మ చేతి రుచి తింటానని నేను కలలో కూడా అనుకోలేదు. బజార్లో నాలుగు ప్లేట్ల ఫ్రైడ్ రైస్‌కి 960 ఇచ్చి సగం వదిలేసిన మా వాడు ఇక్కడ మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆవిడ పెనిమిటి, బావగారు (నేను అలాగే పిలిచాను), తాపీ పనికి 1970ల్లో విశాఖ నుంచి ఓడెక్కి వచ్చారు. అంతకు ముందే, 1950ల్లో, సర్కారు మన తీరం నుంచి మత్స్యకార కుటుంబాలని తెచ్చి ఇక్కడ స్థలాలిచ్చింది. వాళ్ల వెనక చుట్టాలు, చుట్టాల వెనక ఊళ్లు వచ్చాయి. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల మొత్తం జనాభా 3.8 లక్షలు, అందులో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 50 వేలు, అంటే నూటికి పదమూడు మంది. సర్కారీ బళ్లలో తెలుగు మీడియం కూడా ఉంది. వీధిలో వినిపించేది ఏ టీవీ తెలుగూ కాదు, మన యాసే. ఇంత పెద్ద సంగతి మా ప్యాకేజీ కాగితంలో ఒక్క వాక్యం లేదు.

తరువాతి రోజుల్లో బావగారే మమ్మల్ని తిప్పారు. తెలిసినవాడి కారు, పూటకి 1,500. మొదట హంఫ్రీగంజ్ తీసుకెళ్లమన్నాను, అంతకు ముందు మా డ్రైవర్ "అక్కడ చూడ్డానికేం లేదు మేడం, గోడే" అన్నాడు కాబట్టి. అవును, గోడే. పేర్లు చెక్కిన గోడ.

1942 మార్చి 23న జపాన్ సైన్యం ఇక్కడ దిగింది. తెల్లదొరలు పోయారని మొదట సంతోషించినవాళ్లున్నారు. కొద్ది రోజులకే జుల్ఫికర్ అలీ అనే కుర్రాడు ఇళ్ల మీద పడ్డ సైనికుల మీద ఎయిర్‌గన్ పేల్చాడని పట్టుకుని అబర్డీన్‌లో అందరి ముందూ చంపారు. తరువాత గూఢచారులని పేరు పెట్టి జైల్లో వేయడం, చిత్రహింసలు మొదలయ్యాయి. పంజాబీ డాక్టరూ కవీ అయిన దివాన్ సింగ్ అదే సెల్యులార్ జైల్లో హింసలు పడి 1944 జనవరి 14న చనిపోయాడు. నేతాజీ వచ్చి జిమ్‌ఖానా మైదానంలో జెండా ఎగరేసింది 1943 డిసెంబర్ 30న. సరిగ్గా నెల తరువాత, 1944 జనవరి 30న, 44 మంది స్థానికులని హంఫ్రీగంజ్ తీసుకొచ్చి కాల్చి చంపారు. వాళ్లలో స్వాతంత్ర్యం కోసం పనిచేసే సంఘం సభ్యులు కూడా ఉన్నారు. జెండా కథ ఎక్కడ చూసినా రాశారు. ఈ 44 మంది కథ కోసం మనం అడిగి వెళ్లాలి. నా మాట వినండి, వాటర్ స్కూటర్ ఒక్కటి మానుకుని ఇక్కడికి వెళ్లండి. టికెట్ లేదు. జనం లేరు. మేం ఉన్నంతసేపూ ఇంకెవరూ రాలేదు.

అత్తమ్మ నేను చదివి చెబుతుంటే విని, "మా తాత రంగం నుంచి నడిచి వచ్చింది కూడా ఆ ఏడే కదా" అంది. అవును. రంగం, అంటే బర్మాలోని రంగూన్, జపాన్ చేతికి చిక్కింది 1942 మార్చి 8న, అండమాన్ ఆ తరువాత పదిహేను రోజులకి. మన కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి రంగం పోయి కూలి చేసుకున్నవాళ్లు లక్షల మందితో కలిసి అడవులు పట్టి వెనక్కి నడిచిన ఏడాది అది. మా అత్తమ్మ ఇంట్లో ఆ నడక గురించి మాట్లాడుకునేవారు. అది ఇంటి కథ అనుకుందట ఇన్నాళ్లూ. ఆ గోడ దగ్గర చాలాసేపు కూర్చుంది. మా ఆయన ఆవిడ పక్కనే కూర్చున్నాడు. లాడ్జి గొడవ నుంచి ముభావంగా ఉన్న మనిషి ఆ రోజే మళ్లీ మామూలుగా మాట్లాడాడు.

అదే దారిలో సిప్పీఘాట్ వస్తుంది. రోడ్డుకి పక్కన పెద్ద చెరువులాంటి నీళ్లు, కొంగలు. ఫొటోకి బావుంటుందని కార్లు ఆపుతుంటారు. అది చెరువు కాదు, వరి పొలాలు. 2004 డిసెంబర్ 26 ఆదివారం పొద్దున్న ఆరున్నరకి భూమి కదిలినప్పుడు దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగింది. సముద్రం లోపలికి వచ్చింది, మళ్లీ వెనక్కి పోలేదు. బావగారు అప్పుడు జంగ్లీఘాట్‌లో ఒక ఇంటికి శ్లాబు పోయించే పనిలో ఉన్నారట. పరంజా మీదున్న ఇద్దరు కుర్రాళ్లని దించేసరికి కింద వీధిలోకి నీళ్లొచ్చాయని చెప్పారు. ఆయన చెబుతూ చెయ్యి నడుము దగ్గర పెట్టి చూపించారు, ఇంతెత్తు అని. 2018లో తిత్లీ తుపాను మన ఉద్దానం కొబ్బరి తోటలు పడగొట్టినప్పుడు ఈ దీవుల నుంచి మొదట డబ్బు పంపింది ఈ వీధే అని కూడా చెప్పారు.

అబర్డీన్ యుద్ధ స్మారకం గురించి ఎవరూ చెప్పరు, మెరీనా పార్క్ వైపు పడవ ఎక్కేచోటికి దగ్గరే. 1859 మే 17న విల్లంబులతో అండమాన్ ఆదివాసులు బ్రిటిష్ కాలనీ మీదికి వచ్చారు. వాళ్ల మధ్య ఏడాదికి పైగా బతికిన ఒక పారిపోయిన ఖైదీ ముందే వెళ్లి చెప్పేయడంతో తుపాకులు సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీస్ జాతి ఇప్పుడు యాభై అరవై మంది. మనవాళ్లతో సహా ఆ నేల మీద ఇళ్లు కట్టుకున్న అందరం తెలుసుకోవాల్సిన లెక్క అది. ఆ స్మారకం మెట్ల మీద కూర్చుని అందరూ ఐస్‌క్రీం తింటున్నారు, ఒక బోర్డు అయినా తెలుగులో, తమిళంలో, బెంగాలీలో పెడితే బావుంటుంది.

చాతాం రంపపు మిల్లుకి వెళ్లాం, 1883 నాటిది, టికెట్ పది రూపాయలు, జపాన్ బాంబు పడిన గుంట ఇంకా ఉంది. హావ్‌లాక్ దీవిలో ఒక రోజు, బావుంది, నీళ్లు నీలం. ప్రైవేట్ పడవకి మనిషికి 1,450 ఒకవైపు. సర్కారీ పడవ చవక కానీ టికెట్ దొరకలేదు.

ఎవరు వెళ్లాలి, ఎలా వెళ్లాలి అని అడిగితే నా మాట ఇది. పెద్దవాళ్లని తీసుకెళ్లండి, వాళ్లకే ఈ ఊరు ఎక్కువ అర్థమవుతుంది. గదికి ముందే మొత్తం కట్టకండి. నీళ్లూ జనరేటరూ లిఫ్టూ సంగతి రాతపూర్వకంగా అడగండి, మెసేజ్ అయినా చాలు. జంగ్లీఘాట్ రేవుకి పొద్దున్నే వెళ్లి మీ ఊరి పేరు చెప్పండి, ఎవరో ఒకరు మీ వీధి పేరు చెబుతారు. జైలుకి ఒక పూటంతా, రాస్‌కి ఒక పూటంతా కేటాయించండి. పడవవాడు తొందర పెడితే తరువాతి పడవకి వస్తామని ముందే మాట్లాడుకోండి. హంఫ్రీగంజ్ వదలకండి.

మా ఖర్చు మొత్తం 96,300, విమానాలతో కలిపి. అందులో నాకు బాధ కలిగించింది ఆ లాడ్జి వాడికి పోయినదే. తిరిగొచ్చాక బుకింగ్ కాగితాలు, గది ఫొటోలు, నాలుగో అంతస్తు మెట్ల ఫొటోతో సహా పెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. రెండో రాత్రి 2,800 వెనక్కి వచ్చాయి. చెకిన్ పేరుతో గుంజిన 500కి రసీదు లేదు కాబట్టి ఇవ్వం అంటున్నారు, అది కూడా వదలను. ఇంతలో బావగారి మనవరాలి పెళ్లికి సంక్రాంతి తరువాత ముహూర్తం పెట్టారని ఫోన్ వచ్చింది. అత్తమ్మ ఈసారి ఓడలోనే వెళ్దామంటోంది, విశాఖ పోర్టులో టికెట్లు ఎప్పుడు ఇస్తారో కనుక్కోమని మా ఆయనకి చెప్పింది.